రెండు వేళ్లు తక్కువ

"ఓలే, ఎంచేసినాను."

"ఏటి ఎంచేసినావు? ఒంటెనా, దున్ననా?"

"వచ్చి సెప్తాను."

"నువ్వొచ్చి సెప్పేసరికి నాను సచ్చిపోతాను. ఎల్లు, ఎల్లు."

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. నేను గుమ్మంలో కూర్చుని మినప్పప్పు కడుగుతున్నాను. తల ఎత్తలేదు. ఎత్తితే ముఖం చూసి ఉండేదాన్ని. చేతులు మాత్రం కనబడ్డాయి. ఒక చూపుడువేలు పైకి పెట్టి, దాని మీద రెండో అరచెయ్యి గొడుగులా పట్టాడు. అంటే మెల్లగా ఎత్తు అని. నా కోపాన్ని అంటున్నాడో, నీళ్ల గిన్నెను అంటున్నాడో తెలియదు. మనిషి సాయంత్రానికి ఇంటికి వచ్చాడు గానీ, చెప్పడానికి రాలేదు. నలుగురు మోసుకుని తెచ్చారు.

ఎంచేసినాను అంటే, ఏది కొనాలో ఎంచుకున్నానని. ఒంటె, దున్న అంటే జంతువులనుకోకండి. కార్లు. నేను సంతకం తప్ప రాయలేను, బస్సు మీద అంకె తప్ప చదవలేను. కార్ల వెనక ఉండే ఇంగ్లీషు పేర్లు నాకు తెలియవని మా ఆయన నా కోసం వాటికి పేర్లు పెట్టాడు. ఇది రాస్తున్నది మా ఆడపడుచు కూతురు. నేను చెబుతుంటే ఇది పుస్తకాల తెలుగులో పెడుతోంది. మేం మాట్లాడుకున్న మాటలు మాత్రం దిద్దొద్దు, మా నోట్లోంచి వచ్చినట్టే ఉంచు అన్నాను. సరేనంది.

మొన్న మా పక్కింటి మాస్టారు కొత్త బండి కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. అందరూ బండి రంగు చూస్తున్నారు. నేను లడ్డూ చేత్తో పట్టుకుని రోడ్డు మీద చతికిలబడి, దాని పొట్ట కిందకి చూస్తున్నాను. అప్పుడు తెలిసింది నాకు, ఆయన నాలోకి ఎంత దూరం వచ్చి కూర్చున్నాడో. అందుకే ఇది రాయిస్తున్నాను.

మేముండేది హిందీ మాట్లాడే ఊరు, మా ఆయన ఇక్కడి ఇనుము కంపెనీలో ఖలాసీ. క్రేన్ కింద నిలబడి, గొలుసు తగిలించి, ఎంత ఎత్తాలో ఎటు తిప్పాలో పైన కూర్చున్నవాడికి చేతులతో చెప్పే పని. ఆ చప్పుడులో నోరు పనికిరాదు. ముప్పై ఏళ్లకు పైగా చేతులతో మాట్లాడిన మనిషి, ఇంటికి వచ్చినా అలాగే మాట్లాడేవాడు. అన్నం చాలంటే పిడికిలి బిగించి చూపేవాడు. కూర ఇంకొంచెం అంటే వేలు కిందకి పెట్టి గుండ్రంగా తిప్పేవాడు. మాంగో అనే పేట బజారులో జనంలో తప్పిపోతే, అంత దూరం నుంచి రెండు చేతులూ చాచి నన్ను ఎడమకి జరిపి, ముందుకి రప్పించి, తన ముందు దింపేవాడు. చూసేవాళ్లు నవ్వేవాళ్లు.

"నాను ఇనుప దూలాన్నేటి మావా?"

"దూలమైతే సెప్పినట్టు ఇంటాది."

ఆయన కుడిచేతి చిటికెనవేలు సగం లేదు. ఎప్పుడో గొలుసుకీ దూలానికీ మధ్య పడింది. ఈ వేలు సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఉద్యోగం అయిపోయాక మేమిద్దరం ఇడ్లీలు పెట్టాం. ఊళ్లో కాదు, ఊళ్లో సందుకొక ఇడ్లీ బండి ఉంది. కొండల వైపు వారానికో సంత జరిగే చోట. అక్కడి వాళ్లు మా ఇడ్లీని ఆకులో పెట్టుకుని, సాంబారు పైన పోయించుకుని, నిలబడి తినేసి, ఇంకో ఆకు పట్టేవాళ్లు. అంత ఆకలిగా తినేవాళ్లకి పెట్టడం నాకు ఇష్టం. కానీ ఆటో వాగు దగ్గర ఆగిపోయేది. వాగు పెద్దదేం కాదు, చీలమండ దాకా నీళ్లు. దారే పాడు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల చోట రెండు లోతు గాళ్లు పడ్డాయి, మధ్యన రాతి గుట్ట లేచింది. ఆటోవాడు "నహీఁ జాయేగా", పోదు అని చెయ్యి ఊపేవాడు. మేం ఇడ్లీ పాత్ర, పిండి డబ్బాలు, పొయ్యి నెత్తి మీద పెట్టుకుని, రెండు విడతలుగా దాటించేవాళ్లం. నా మోకాళ్లు అక్కడే పోయాయి.

ఒకరోజు వాగులో నా కాలు మడతపడి సాంబారు గిన్నెతో సహా కూలబడ్డాను. లేపాడు. తిట్టలేదు. ఆ గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని తన జాన పెట్టి కొలవబోయాడు. సగం వేలు అందలేదు.

"ఓలే, నీ సెయ్యి పెట్టు."

"నడుం ఇరిగి నానేడుత్తంటే సెయ్యి పెట్టమంటావేటి?"

"పెట్టు మరి."

పెట్టాను. గాళ్లలోంచి గుట్ట నా జానకి ఒక వేలు తక్కువగా లేచి ఉంది. "జానెడు ఖాళీ ఉన్న బండైతే దాటెల్లిపోతాది" అన్నాడు. ఇంటికి వచ్చి, ఒక సన్నటి ఇనుప కడ్డీని నా జానకి సరిగ్గా కోసి, చివరలు ఆకురాయితో అరగదీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి రెండేళ్లు మా ఇంట్లో వేరే మాట లేదు. బండి కొనేదాకా సంతకి పోవద్దన్నాడు, నేను మళ్లీ ఆ వాగు దాటలేదు.

మొదట లాగుడు బండి చేశాడు. రెండు చక్రాలది, కారు వెనక తగిలించేది. పొయ్యి, సిలిండరు, పాత్ర, నీళ్ల డబ్బాలు పట్టేంత. అంగట్లో ఇనుము కొని, తనే కోసి, తనే అతికాడు. బరువు ఎక్కడ పెట్టాలో నాకు పాఠం చెప్పేవాడు. వెనక్కి బరువైతే ముందున్న కారు తోక ఊపుతుందట. కొంచెం ముందుకి ఉండాలట. నీళ్లు నిండుగా పోసిన సాంబారు గిన్నె దాని మీద పెట్టి, "కారుకి తగిలిత్తే ఇది ఇలాగే ఉండాల. సుక్క ఒలికిందా, కొక్కెం ఎత్తు తప్పినట్టే" అనేవాడు. కారు లేకుండానే కారు వెనక ఏముండాలో తయారుచేసిన మనిషి.

తర్వాత బండి ఎంపిక. ఫోన్‌లో రాళ్లెక్కే కార్ల వీడియోలు చూసేవాడు. చూస్తూ ఫోన్‌కి చేతులు చూపేవాడు, ఎడమకి, మెల్లగా, ఆగు అని. లోపలివాడు వినకుండా బోల్తా కొడితే, "సూసినావా, ఇన్నేదు" అని నాకేసి తిరిగేవాడు.

ఆయన లెక్క మూడు మాటలే. మూతి తగలకూడదు, పొట్ట తగలకూడదు, తోక తగలకూడదు. గట్టు ఎక్కేటప్పుడు మూతి, గుట్ట దాటేటప్పుడు పొట్ట, వాగులోంచి లేచేటప్పుడు తోక. నాలుగు చక్రాలూ లాగాలి. దిగుడులో బ్రేకు మీద కాదు, చిన్న గేరు మీద దిగాలి, లేకపోతే వెనక లాగుడు బండి ముందుకి తోసేస్తుంది. చాలా చూసి మూడింటి దగ్గర నిలిచాడు. పొడుగ్గా, పొట్ట బాగా పైకున్నది ఒంటె. పర్సుడీహ్‌లో ఒకాయన అమ్మకానికి పెట్టిన పాత డీజిల్ బండి దున్న. దేన్నైనా లాగుతుంది, కూర్చుంటే మాత్రం పళ్లు ఊడతాయి. మూడోది కప్ప. చిన్నది, పొట్టిది, కళ్లు గుండ్రంగా ఉంటాయి. దాన్ని లెక్కలోకి తీసుకున్నాడే గానీ చూసినప్పుడల్లా వెక్కిరింపే.

"ఇది సంతకెల్లే బండి కాదే. పేరంటానికెల్లే బండి."

కద్మా వైపు ఒక షోరూముకి నన్ను తీసుకెళ్లిన రోజు చెబుతాను. బండ్లు అమ్మే పిల్ల చక్కగా చీర కట్టుకుని, కాగితం చూసి, పొట్ట కింద ఖాళీ ఇంత అని అంకె చెప్పింది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"యే ఖాళీ గాడీ కా హై. ఇడ్లీ చఢేగా తో కిత్నా?"

ఇది ఖాళీ బండి లెక్క, ఇడ్లీలు ఎక్కితే ఎంత అని. ఆ పిల్లకి ఇడ్లీ ఏమిటో, ఎక్కడం ఏమిటో తెలియలేదు. ఈయన నన్ను ఒంటె ఎక్కించాడు. ఎక్కించాడంటే తోశాడు. నా మోకాలు అంత ఎత్తుకి లేవదు. పిల్లని కూడా ఎక్కమన్నాడు. "ఇంకా సాంబారు ఎక్కనేదు" అని, తలుపు దగ్గర నిలబడ్డ కాపలాదారుని పిలిచి అతన్నీ కూర్చోబెట్టాడు. అప్పుడు ఆ అద్దంలాంటి నేల మీద వెల్లకిలా పడుకుని, జేబులోంచి నా జాన కడ్డీ తీసి, బండి కిందకి పోయాడు. రెండు కాళ్లు మాత్రం బయట ఉన్నాయి.

ఈయన కళ్లు తిరిగి పడ్డాడనుకుని పిల్ల కంగారుపడింది. "ఆంటీజీ, అంకల్ కో చక్కర్ ఆయా క్యా?"

"లెగు మావా, జనాలు సూత్తన్నారు!"

ఒళ్లు బాగానే ఉంది, బండి పొట్ట చూస్తున్నానని కింద నుంచి గొంతు వచ్చింది. "తబియత్ ఠీక్ హై బేటీ. పేట్ దేఖ్‌తా హూఁ. గాడీ కా పేట్."

ఒంటె కింద కడ్డీ నిలబడింది. పైన రెండు వేళ్ల ఖాళీ కూడా మిగిలిందట. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను దిగడానికి పట్టిన సేపు చూశాడు. కాలు కింద ఆనక, తలుపు పట్టుకుని వేలాడుతుంటే, కాపలాదారు వచ్చి దింపాడు.

పోతూ పోతూ కప్ప కనబడింది. "అందులో కూడా కూకో ఓసారి, పేరంటాలివి కదా" అన్నాడు. తలుపు తీశాను, కూర్చున్నాను. అంతే. కుర్చీలో కూర్చున్నట్టు. నడుం వాల్చి, కాళ్లు లోపల పెట్టి, "అమ్మయ్య" అన్నానట. అన్నట్టు నాకు గుర్తులేదు, ఆయనే తర్వాత అన్నాడు. దాని కింద కూడా పడుకుని చూశాడు. కడ్డీ నిలబడలేదు, పక్కకి వాలిపోయింది. రెండు వేళ్లు తక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వంతెన దాటేదాకా ఆయన చేతులు కదలలేదు. నేను భయపడ్డాను.

"ఏటైంది?"

"ఏటీ నేదు. నువ్వు అమ్మయ్య అన్నావు."

"అంతేటి?"

"అంతే."

ఆ తర్వాత గురువారం గురువారం పొద్దున్నే పోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికంటే బండి చూడ్డానికి అనేవాడు. సాయంత్రం వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా బురద, చేతులు కొట్టుకుపోయి ఉండేవి. నాకు ఒళ్లు మండేది. ఉతకాల్సింది నేను.

"బండి సూడ్డానికెల్లినోడివి, బురదేటి మావా?"

"బండి కింద తొంగోకుండా బండి కొంటారేటే?"

నమ్మాను. షోరూములో చూసినదాన్ని కదా. ఒక ఆదివారం అయితే, చక్కగా ఉన్న లాగుడు బండి ముందు, కారుకి తగిలించే కాడని కోసేశాడు. చేసిందంతా చెడగొడుతున్నావని అరిచాను. వినలేదు. ఏదో ముక్క కలిపి మళ్లీ అతికాడు, రంగు కూడా వెయ్యలేదు. ఆ వచ్చే గురువారమే నేను మొదట చెప్పిన గురువారం. ఎంచేసినాను అన్నది అప్పుడే. వాగు గట్టు మీద కూలిపోయాడని చెప్పారు. దారి చూడ్డానికి పోయుంటాడు అనుకున్నాను. ఒకదాన్ని వందసార్లు చూసే మనిషి కదా. జేబులో కడ్డీ ఉంది. నాకిచ్చారు.

ఏడుపు ఒకటి, ఈ బాధ ఒకటి. ఏడుపు అందరికీ ఉంటుంది. ఏది ఎంచాడో చెప్పకుండా పోయాడే, అది నన్ను తినేసింది. పోపు వేస్తుంటే ఒంటెనా అని, బట్టలు ఆరేస్తుంటే దున్ననా అని. ఒక్క నిమిషం తల ఎత్తి, "సెప్పేసి ఎల్లు" అంటే చెప్పేవాడు. ఆయనకి చెప్పాలనే ఉంది, అందుకే గుమ్మంలో ఆగాడు. తరిమింది నేను. మా ఆడపడుచు, అంటే ఇది రాస్తున్న పిల్ల తల్లి, ఆ లాగుడు బండి ఇనుము వాడికి ఇచ్చెయ్యి వదినా, చూసినప్పుడల్లా ఏడుస్తున్నావు అంది. ఇవ్వలేదు. అది ఏ కారుదో తెలియకుండా ఎలా ఇస్తాను?

మాస్టారి కొత్త బండి చూశానన్నాను కదా. ముందువైపుకి వెళ్లి కళ్లు చూశాను. గుండ్రంగా ఉన్నాయి. కప్ప. అప్పటికీ నాకేం తట్టలేదు. కడ్డీ తెచ్చి కింద పెడితే వాలిపోయింది. రెండు వేళ్లు తక్కువ, షోరూములో చూసినట్టే. లేచి వచ్చేస్తుంటే, వెనక కొక్కెం తగిలించే చోటు కంటపడింది. ఎత్తు ఎక్కడో చూసినట్టు అనిపించింది.

"మాస్టర్‌జీ, మా గేటు దగ్గరికి ఒకసారి వెనక్కి తెండి" అని బతిమాలాను. ఆయన పాపం లడ్డూల పళ్లెం దింపి తెచ్చాడు. ఇదీ, నేనూ కలిసి లాగుడు బండిని నెట్టుకొచ్చాం. మేనకోడలు తెలుగులో అడిగితే హిందీలో చెప్పే రకం.

"అత్తా, యే తో ఫిట్ హో గయా."

"ఉండవే. నీల్లు తే."

సాంబారు గిన్నె నిండా పోసి బండి మీద పెట్టాను. నిండుగా, అంచు దాకా. చుక్క ఒలకలేదు. రంగు వెయ్యని ఆ అతుకు కేసి చూస్తూ నిలబడ్డాను. కాడ కోసింది ఇందుకు. ఎత్తు బండికని చేసినదాన్ని కప్ప ఎత్తుకి దింపాడు.

తెలిసింది కదా, మనసు చల్లబడాలి కదా? నాకు కోపం వచ్చింది. రెండేళ్లు కడ్డీ పట్టుకు తిరిగి, పొట్ట తగిలే బండిని ఎంచుతావా? వాగులో ఆ గుట్ట మీద కూర్చుండిపోదా? మా ఆయన చెయ్యి ఎప్పుడూ లెక్క తప్పలేదు. దూలం కింద మనిషి ఉంటాడు, తప్పితే ప్రాణం పోతుంది. అలాంటి మనిషి ఈ లెక్క ఎలా తప్పాడు?

మాస్టారిని మళ్లీ బతిమాలాను. సంత రోజు నన్నూ దీన్నీ తీసుకెళ్లాడు. కొత్త బండి, వాగు దగ్గర ఆపేశాడు. నేను దిగి చూశాను. గాళ్లు లేవు.

గాళ్లున్న చోట రాళ్లు పేర్చి ఉన్నాయి. అరచేతులంత, బల్లపరుపు రాళ్లు, ఒకదానికొకటి నొక్కి, సందుల్లో చిన్న రాళ్లు కొట్టి, ఇటు గట్టు నుంచి అటు గట్టు దాకా రెండు బారులు. వానలకి ఒకటి రెండు కదిలాయి, మిగతావి అలాగే ఉన్నాయి. సంతలో మరమరాలు అమ్మే దీదీ గుడిసె అక్కడే. నన్ను గుర్తుపట్టి పరుగున వచ్చింది. చెయ్యి పట్టుకుంది. గుడిసెలోంచి ఒక పార తెచ్చి, "తేరే బుఢే కా", మీ ముసలాయనది అని నా ముందు పెట్టింది. ప్రతి గురువారం వచ్చేవాడట. పై నుంచి రాళ్లు గోనెలో మోసుకొచ్చేవాడట. రాయి పెట్టడం, గుట్ట మీద అడ్డంగా వెదురు పెట్టడం, జేబులోంచి కడ్డీ తీసి దాని కింద నిలబెట్టడం, వంగి చూడడం.

"మైఁనే పూఛా, సర్కారీ కామ్ హై క్యా బాబా? బోలా, నహీఁ దీదీ. మేరీ బుఢియా కా ఘుట్‌నా ఖరాబ్ హై. ఊంచీ గాడీ పే నహీఁ చఢ్ పాతీ."

సర్కారు పని కాదు, మా ముసలిదానికి మోకాళ్లు బాగోవు, ఎత్తు బండి ఎక్కలేదు అన్నాడట.

నేను నీళ్లలో కూర్చున్నాను. గుట్ట దగ్గర నా జాన పెట్టి చూశాను. అప్పుడు ఒక వేలు తక్కువగా ఉండేది. ఇప్పుడు బాగా తక్కువగా ఉంది. రెండు వేళ్లకి రెండు వేళ్లు, పైన ఇంకో వేలు వదిలాడు. ఇడ్లీలు ఎక్కాక బండి కిందకి దిగుతుంది కదా, అందుకయ్యుంటుంది. బండిని ఎత్తలేక దారిని ఎత్తాడు.

మాస్టారు కిటికీలోంచి "జాయేగా?" అని అడిగాడు. నేను అవతలి గట్టుకి నడిచి, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. చూపుడువేలు పైకి పెట్టి, దాని మీద రెండో అరచెయ్యి గొడుగులా పట్టాను. మాస్టారికి ఆ భాష రాదు, అయినా మెల్లగానే వచ్చాడు. మూతి తగల్లేదు. పొట్ట తగల్లేదు. తోక తగల్లేదు. నేను పిడికిలి బిగించాను. ఆగింది.

వచ్చి సెప్తాను అన్నాడు. చెప్పాడు. నేనే వెళ్లి వినాల్సి వచ్చింది, అంతే.

మా ఇంటికీ కప్ప వస్తుంది. నడపడం ఈ పిల్ల నేర్చుకుంటోంది. లాగుడు బండికి రంగు వేయిస్తాను, ఆ అతుకు దగ్గర మాత్రం వదిలెయ్యమంటాను.

సాల్లే అమ్మీ, పెన్ను పెట్టీ. ఇప్పుడు మొదటినుంచి సదివి ఇనిపించు. మావయ్య మాటలు మావయ్యలాగే సదువు, తొందరపడకు. సచ్చిపోతానని నానన్న ఆ మాట కూడా సదువు, దాటీకు. ఊఁ, సదువు. "ఓలే, ఎంచేసినాను."